‘దమ్ము’: వాల్వు యాంప్లిఫయర్ దగ్గర దొరికిన అర్థం

అందరికీ నమస్కారం. ఈ వారం చర్చకు ‘దమ్ము’ అనే మాట పెడుతున్నాను. ఇది నిఘంటువు తిరగేస్తుంటే తట్టింది కాదు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక రేడియో మెకానిక్ నోట విన్నాను. విన్నప్పటి నుంచి మనసులో తిరుగుతూనే ఉంది.

నేనే కట్టుకున్న స్టీరియో వాల్వు యాంప్లిఫయర్ (పాత రేడియోల్లోలా గాజు వాల్వులతో స్పీకర్లను మోగించే పెట్టె) ఒకటి మా ఇంట్లో ఉంది. ఒక్కో వైపు స్పీకర్‌ను మోగించేది ఒక్కటే, ఈఎల్84 అనే రకం వాల్వు. సాయంత్రం వీణో వేణువో పెట్టుకుంటే గది నిండా పలుకుతుంది. నాదస్వరం పెట్టి, డోలు అందుకునే చోట కాస్త వాల్యూమ్ పెంచానంటే మాత్రం దెబ్బ దెబ్బలా వినపడదు, పిండి ముద్ద నేల మీద పడ్డట్టు ఉంటుంది. పవర్ పెంచించుకోవాలని పెట్టెను తువ్వాలులో చుట్టి స్కూటర్ మీద పెట్టుకుని వెళ్లాను. ఆయనకు డెబ్బై దాటాయి. మర్ఫీ, ఫిలిప్స్ రేడియోలు బాగుచేస్తూ అనుభవం గడించిన చెయ్యి. పాట పెట్టమన్నారు. డోలు వచ్చేదాకా కళ్లు మూసుకుని విన్నారు. వాల్యూమ్ తగ్గించి ఒక్క మాటన్నారు: “ఆవాజ్ హై మియా, దమ్ నై.” పక్కన సోల్డరింగ్ చేస్తున్న కుర్రాడు తల ఎత్తకుండానే తెలుగు చేశాడు: “మోత ఉన్నదన్నా, దమ్ము లేదంటున్నడు.”

మోత పెంచమని అడగడానికే నేను వెళ్లింది. అది చాలినంత ఉందని, లేనిది మరొకటని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మరొకదానికి తెలుగులో మనం వాడే మాట ఏది?

తెలుగు మీడియంలో ఫిజిక్స్ చదివినవాళ్లకు ఈ వరుస గుర్తుండే ఉంటుంది: బలం, పని, శక్తి, సామర్థ్యం. వాట్లలో కొలిచేది సామర్థ్యం, జౌళ్లలో కొలిచేది శక్తి. ‘వంద వాట్ల శక్తి గల’ అని రాయడం ఆ లెక్కన తప్పు. ‘అవుట్‌పుట్ పవర్’కు ‘నిర్గమ సామర్థ్యం’ అనే మాట ఉంది. కచ్చితమైన మాట, దాన్ని తీసెయ్యమని నేను అనను. కానీ ఆ మాట వాట్లు లెక్కపెట్టి ఊరుకుంటుంది. ఆ వాట్లు ఏ స్థితిలో వస్తున్నాయో చెప్పదు.

ఈఎల్84 డేటాషీట్, అంటే తయారీదారుల కొలతల కాగితం, తీసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. 250 వోల్టుల మీద ఒక్క వాల్వు 48 మిల్లీయాంపులు తీసుకుని 5.7 వాట్లు ఇస్తుందని తయారీదారులు రాశారు. ఆ పక్కనే ఇంకో అంకె ఉంటుంది: వికృతి (డిస్టార్షన్) 10 శాతం. అంటే 5.7 వాట్లు వచ్చే సమయానికి వినపడేదాంట్లో పదో వంతు పాటలో లేనిదే. సామర్థ్యం 5.7 వాట్లన్న మాట నిజమే. డోలు పిండి ముద్ద అయిందన్న మాటా నిజమే. ఆ రెండో నిజానికే కోఠీలో ‘దమ్ నై’ అన్నారు.

అంతకు నెల ముందు నేను చేసిన ఒక పని కూడా ఆ రోజు బయటపడింది. ఎవరో చెప్పారని 5వై3 రెక్టిఫయర్ (ఏసీని డీసీ చేసే) వాల్వు తీసేసి సిలికాన్ డయోడ్లు పెట్టాను. హెచ్‌టీ, అంటే వాల్వులకు అందే డీసీ వోల్టేజీ, 250 నుంచి 300 దగ్గరికి వెళ్లింది. మోత కాస్త పెరిగింది, సంతోషించాను. ఆయన కొట్టులో లైటు ఆర్పించి, “ఇటు చూడు” అని వాల్వు పక్కకు నా తల వంచారు. వాల్వు నడుమ నారింజ రంగులో వెలిగేది హీటరు, అది వెలగాల్సిందే. దాని చుట్టూ ఉన్న బూడిద రంగు రేకు (యానోడ్) మధ్యలో, గోరంత మేర, చింతనిప్పులా ఎర్రబడి ఉంది. ఈఎల్84 రేకు ఓర్చుకోగలిగింది 12 వాట్ల వేడి. 250 వోల్టులు, 48 మిల్లీయాంపులు గుణిస్తే సరిగ్గా 12. అంటే నేను చెయ్యి పెట్టకముందే అది అంచున నిలబడి ఉంది. నేను దాన్ని 16 దాటించాను. “యే దమ్ తోడ్ దేగా,” అన్నారాయన. ఊపిరి వదిలేస్తుందని. ఒకే మనిషి పది నిమిషాల్లో అదే మాటను రెండు రకాలుగా వాడారు. మొదటిసారి పాటకు లేని దమ్ము, రెండోసారి వాల్వుకు పోబోతున్న దమ్ము.

మీ ఊళ్లలో ఈ మాట ఎలా పలుకుతుందో చెప్పండి.

ఒక సభ్యురాలు: దమ్ము ఉర్దూ మాట కదండీ. మనకు ‘గట్టి’ ఉంది. ‘గట్టిదనం’ అంటే సరిపోదా?

నా జవాబు: ‘గట్టి’ నాకు చాలా ఇష్టమైన మాటండీ. కానీ ఇక్కడ దానితో ఒక చిక్కు ఉంది. ‘గట్టిగా పాడు’ అంటే పెద్దగా పాడమని. ‘గట్టి తాడు’ అంటే తెగనిదని. పెద్ద చప్పుడూ తెగని గుణమూ మన భాషలో ఒకే మాటలో కలిసిపోయాయి. ఆ మెకానిక్ విడదీసినవి సరిగ్గా ఆ రెండే. ‘గట్టిగా మోగుతోంది గానీ గట్టిగా లేదు’ అని రాస్తే చదివేవాళ్లు తికమక పడతారు. ‘సత్తువ’ గురించి కూడా ఆలోచించాను. సత్తువ ఒంటిది, కండది. బరువు ఎత్తేటప్పుడు పనికొస్తుంది. దమ్ము ఊపిరిది. నాదస్వర విద్వాంసుడు ఒక స్వరాన్ని పట్టి నిలిపినప్పుడు మనం మెచ్చుకునేది బుగ్గల సత్తువని కాదు, ఇంకా లోపల ఎంత మిగిలి ఉందో అని ఆశ్చర్యపోతాం. యాంప్లిఫయర్‌లో కావాల్సిందీ ఆ మిగులే.

ఒక మిత్రుడు: దమ్ము సంస్కృత ‘దమం’ నుంచి వచ్చి ఉండవచ్చు. శమదమాలు అంటాం కదా. నిగ్రహం, అదుపు.

నా జవాబు: అర్థం దగ్గరగా కనపడుతుంది గానీ దారి అది కాదండీ. శమదమాల్లోని దమం లొంగదీసుకోవడం అనే ధాతువు నుంచి వచ్చింది. మన దమ్ము పారసీ ‘దమ్’, అంటే ఊపిరి. దానితో పుట్టిన క్రియ ‘దమీదన్’, ఊదడం. ఉర్దూ మీదుగా తెలుగులోకి దిగింది. సంస్కృతంలో దీనికి చుట్టం కావాలంటే ఒత్తు ధకారం వైపు చూడాలి: ‘ధమ్’, ఊదడం. ‘ధమని’ అక్కడిదే. ఇవాళ మనం రక్తనాళానికి వాడుతున్నాం గానీ ఆ మాటకు గొట్టం అన్న అర్థం ఉంది. పారసీ దమ్, సంస్కృత ధమ్ ఒక తల్లి బిడ్డలు. ఒకటి పుస్తకాల దారిలో వచ్చింది, ఒకటి బజారు దారిలో. రెండూ మన ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి దమ్మును పరాయిదిగా చూడటానికి నాకు మనసొప్పదు. దమ్ బిర్యానీ గిన్నె మూత చుట్టూ పిండి అంటించి ఆవిరి పోకుండా పట్టి ఉంచడమూ ఇదే మాట.

గోదావరి జిల్లా మిత్రుడు: మా వైపు దమ్ము అంటే పొలంలో నీళ్లు పెట్టి బురదగా దున్నడమండి. ట్రాక్టరుకి దమ్ము చక్రాలు తొడుగుతారు.

నా జవాబు: అవునండి, నాట్లకు ముందు విన్న మాటే. అర్థంలో దీనితో పోలిక నాకు కనపడలేదు, వేరే మాటగానే చూస్తున్నాను.

వరంగల్ సోదరి: మా దిక్కు ‘మూడంతస్తులెక్కితె దమ్మొస్తది’ అంటం అన్నా. ‘జర దమ్ము తీస్కో’ అంటె కొద్దిసేపు ఆగుమని. మరి దమ్ముంటె బలం, దమ్మొస్తె ఆయాసం. గిదెట్ల?

నా జవాబు: అక్కా, ఈ చర్చలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ప్రశ్న మీదే. రెండు రోజులు ఆలోచించాను. ఊపిరి లోపల నిలిచి ఉన్నంతసేపు అది బలం, ‘దమ్ముంది’. అదే ఊపిరి బయటపడి అందరికీ వినపడితే ఆయాసం, ‘దమ్మొచ్చింది’. మాట ఒకటే, క్రియ మారింది. తెలుగు చేసిన పని అది. మా డబ్బా విషయంలోనూ అంతే జరిగింది. డోలు దెబ్బ పడగానే వినపడిన ఆ ముద్దతనం యాంప్లిఫయర్ రొప్పడమే. పాత అమరికలో దానికి దమ్ముండటం పోయి, దమ్ము రావడం మొదలైంది.

ఇంతకీ ఏం చేశామో చాలామంది అడిగారు, చెప్తాను. ముందు డయోడ్లు తీసి మళ్లీ 5వై3 పెట్టి వోల్టేజీ 250కి దించాం. ఒక్కో వైపు ఒకటి బదులు రెండు ఈఎల్84లు పెట్టి పుష్‌పుల్ పద్ధతికి మార్చాం. పుష్‌పుల్‌ను ‘తోపులాట’ అని అనువదిస్తే జాతరలో జనం గుర్తొస్తారు. అసలు జరిగేది కవ్వం చిలకడం. తాడు రెండు కొసలు, ఒక చెయ్యి లాగుతుంటే రెండోది వదులుతుంది, మళ్లీ అది లాగితే ఇది వదులుతుంది, కవ్వం మధ్యలో తిరుగుతూనే ఉంటుంది. ఇక్కడ ఆ కవ్వం, వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. కాబట్టి పాత ట్రాన్స్‌ఫార్మర్ పనికిరాదు. ఒక వాల్వుకు 5.2 కిలో ఓములు చూపించేది ఉండేది, ఇప్పుడు రెండు రేకుల మధ్య 8 కిలో ఓములు, చుట్ట నడుమ నుంచి ఒక తీగ బయటికి తీసినది (టాపింగ్) కావాలి. మొదట ఒక చోట చుట్టించినవి స్టాంపింగులు (కోరులో పేర్చే ఇనుప పలకలు) తక్కువ పెట్టి చుట్టారు. వేణువుకు బాగున్నాయి, డోలుకు మళ్లీ పాత కథే. కిందిస్థాయి శబ్దానికి ఇనుము సరిపోక కోరు నిండిపోతుంది. రెండోసారి బరువు తూచి మరీ తీసుకున్నాను.

పవర్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా మారింది. పాత పద్ధతిలో, రేకులతో పాటు స్క్రీన్ గ్రిడ్లు తీసుకునేదీ లెక్కేస్తే, రెండు వైపులా కలిపి 107 మిల్లీయాంపులు చాలేవి. ఇప్పుడు ఊరికే ఉన్నప్పుడు 138, పూర్తిగా మోగినప్పుడు 180. హీటర్లకు 6.3 వోల్టుల మీద ఒకటిన్నర ఆంపియర్లు ఉండేది మూడు అయింది. ఇవి చూసుకోకుండా వాల్వులు మాత్రం జోడిస్తే పాత ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. 5వై3 ఇంత కరెంటు మొయ్యలేదు కాబట్టి చివరికి దాని బదులు జీజెడ్34 అనే రెక్టిఫయర్ వాల్వు పెట్టాం. దానితో వోల్టేజీ పెరుగుతుంది కాబట్టి తగ్గట్టు ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ చుట్లు తగ్గించి చుట్టించాం.

ఫలితం: కాగితం ప్రకారం ఒక్కో వైపు 11 వాట్లు, వికృతి 3 శాతం. సామర్థ్యం దాదాపు రెట్టింపు అయింది. చెవికి మాత్రం రెట్టింపు మోత రాదు. రెట్టింపు వాట్లంటే 3 డెసిబెల్సే. రెండింతలు పెద్దగా వినపడాలంటే 10 డెసిబెల్స్, అంటే పదింతల వాట్లు కావాలి. ‘ఇంత ఖర్చు పెడితే సౌండు పెద్దగా ఏం పెరగలేదే’ అని మా ఆవిడ అంది, ఆ మాట నిజం. ఆ తర్వాత నాదస్వరం పెట్టాను. డోలు దెబ్బ పడింది, ఆగింది, మధ్యలో చర్మం బిగువు వినపడింది. 10 శాతం 3 శాతమైన తేడా అది. మోత అంతే ఉంది, దమ్ము వచ్చి కూర్చుంది. చూశారా, ఇక్కడ మళ్లీ ‘వచ్చింది’ అని రాశాను. ‘దమ్మొచ్చి కూర్చుంది’ అంటే వరంగల్ అక్క ఏమనుకుంటారో!

ఒక మిత్రుడు: స్పీకర్ మారిస్తే పోయేది కదా సార్?

నా జవాబు: మోత కోసమైతే మీ దారే మంచిది. ఒక వాటుకు 86 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్ తీసి 92 ఇచ్చేది పెడితే నాలుగింతల వాట్లు పెట్టినట్టే, వాల్వులు ముట్టుకోనక్కర్లేదు. తక్కువ వాట్లతోనే పని జరుగుతుంది కాబట్టి దమ్ము కూడా మిగులుతుంది. నా స్పీకర్లు మా నాన్నగారివి, మార్చలేను.

ఇంకో సభ్యుడు: నేనూ చేసి చూద్దామనుకుంటున్నాను. ప్లగ్గు తీసేస్తే ముట్టుకోవచ్చు కదా?

నా జవాబు: వద్దు బాబూ, దయచేసి అలా చెయ్యకు. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. మనిషిని చంపడానికి చాలు. ఆయన కొట్టులో నేనూ స్విచ్ ఆపి చెయ్యి చాపితే మణికట్టు పట్టుకుని ఆపారు. “దమ్ పకడ్ కే బైఠా హై” అన్నారు కెపాసిటర్‌ను చూపించి. ఊపిరి బిగబట్టి కూర్చుందట. పొడవు పిడి చివర కట్టిన 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరు తీసి, ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని, కెపాసిటర్ కొసల మీద ఆనించారు. మీటరు 240 దగ్గర మొదలై 100, 30, 9 అంటూ దిగింది. నాలుగైదు సెకన్లు పట్టింది. సున్నా దగ్గరికి వచ్చాక కూడా ఇంకోసారి ఆనించి, అప్పుడు నా చెయ్యి వదిలారు.