గ్రామసభ జరపాలని చట్టం ఆదేశిస్తే చాలునా?

పొలంగట్టు:
2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజున గ్రామసభలు జరిపారు. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టమైతే రెండు నెలలకొకసారి సభ జరిపి తీరాలంటుంది. లెక్కలు ఘనంగానే ఉన్నాయి. అయితే నాట్ల కాలంలో ఒక పూట కూలి వదులుకుని వచ్చిన మనిషి, ముందే ఖరారైన పనుల జాబితా విని, తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేసి వెళ్లడమే జరిగితే, దాన్ని ప్రజల భాగస్వామ్యం అనడం సరికాదు. ఈ నిర్బంధాన్ని ఎత్తివేసి, అవసరమనుకున్న ఊరినే సభ పెట్టుకోనివ్వాలి.

పాత మస్టరు:
అవసరమని తేల్చేదెవరు? పెద్దల అరుగు మీద కూర్చునే నలుగురే కదా! చట్టం పెట్టిన నిర్బంధం సభను పిలవవలసినవారి మీద ఉందిగాని, రావలసినవారి మీద లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ సామాజిక తనిఖీని గ్రామసభకు అప్పగించింది. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఆ తనిఖీలు మొదలైన తరవాత, మస్టర్లలోని, అంటే కూలీల హాజరు పట్టీల్లోని పేర్లు, పనిదినాలు, కూలి మొత్తాలు ఊరి ముందు చదివి వినిపించసాగారు. తాను చేయని పనికి తన పేరున డబ్బు తీసుకున్నారని కూలీకి తెలిసేది అక్కడే. తేలిన సొమ్మంతా వసూలైందని నేను అనను. అడగడానికి ఒక చోటు మాత్రం ఏర్పడింది.

కొండవాలు:
సభ మాటకు విలువ ఎంత అన్నదాన్ని ఇద్దరూ వదిలేశారు. రాజ్యాంగంలోని 243ఎ అధికరణం గ్రామసభ అధికారాలను రాష్ట్ర శాసనసభలకే విడిచిపెట్టింది. అసలు చిక్కు అది. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైట్ తవ్వకాల విషయాన్ని గ్రామసభల ముందు పెట్టాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో ఆదేశిస్తే, ఆ వానకాలంలోనే 12 గ్రామాల డోంగ్రియా కోంధు గిరిజనులూ, వారి ఇరుగుపొరుగులూ సభల్లో కూర్చుని తవ్వకాలు వద్దన్నారు, ఆ తరవాత కేంద్రం అనుమతి నిరాకరించింది. వారిని ఎవరూ బతిమాలి పిలవలేదు. కేరళలోనూ 1996లో ప్రణాళికా నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు కేటాయించాకే సభల్లో మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరికింది.

పొలంగట్టు:
పిలిచేవారి మీది నిర్బంధం ఉండాలని ఒప్పుకుంటున్నాను. కాని నియమగిరికి అటవీ హక్కుల చట్టం అండగా నిలిచింది. మా మైదానపు ఊళ్లకు అలాంటిదేదీ లేదు. సభ కోరిన మురుగుకాలువను పక్కనపెట్టి మరో పని మంజూరు చేసిన అధికారి, అందుకు కారణాన్ని రాతపూర్వకంగా తరవాతి సభలో చదివి వినిపించాలన్న నియమం చేర్చితే, మా ఊరి సభకు నేనే ముందుగా వెళ్తాను.