సి7 షానన్ కెపాసిటీ: 367 దాటాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న:
0 నుంచి 6 దాకా ఏడు అక్షరాలు వలయంగా ఉన్నాయి; పక్కపక్క అక్షరాలు ఒకదానికొకటిగా పొరబడొచ్చు. ఎప్పటికీ పొరబడని ఐదక్షరాల కోడ్‌వర్డ్‌లు ఎన్ని ఎంచుకోవచ్చు? (ఈ వలయమే సి7; పదాల పొడవు పెంచుకుంటూ పోతే ఒక్కో అక్షరానికి సగటున దక్కే పొరబడని ఎంపికల అంతిమ హద్దే దాని షానన్ కెపాసిటీ.) 2018లో గణితజ్ఞులు పోలాక్, స్ఖ్రైవర్ 367 చూపించారు. 368 కోసం వెతకాలనుంది. ర్యాండమ్ సెర్చ్ సరిపోతుందా?

జవాబు 1:
సెర్చ్ కంటే ముందు చెకర్ (కోడ్ సరైనదో కాదో చూసే ప్రోగ్రామ్) రాయండి. మొత్తం 16,807 పదాలు, ఒక్కోదానికి 242 పదాలతో పొసగదు. రెండు పదాలు కలిసి ఉండాలంటే కనీసం ఒక్క స్థానంలో వలయం మీద దూరం 2 లేదా అంతకంటే ఎక్కువ ఉండాలి. 367 పదాలకు 67,161 జతలే, క్షణంలో తేలిపోతుంది.

6 పక్కన 0 ఉందన్నది మరిచిపోతే 0, 2, 4, 6లతోనే 1,024 పదాలు వచ్చేస్తాయి. 1979 నాటి లోవాస్ థీటా (కెపాసిటీకి పై హద్దు ఇచ్చే లెక్క) ప్రకారం 401 దాటడం అసాధ్యం, కాబట్టి అంతకు మించితే తప్పు కోడ్‌లోనే ఉంది. ‘ఒక్క స్థానంలో’ బదులు ‘అన్ని స్థానాల్లో’ అని రాస్తే 3 దగ్గరే ఆగిపోతుంది.

జవాబు 2:
ఉత్త ర్యాండమ్‌తో కష్టమండీ. 7 మీద లీనియర్ కోడ్‌లూ (ఏ రెండు పదాలను కూడి 7తో శేషాలు తీసినా మళ్లీ కోడ్‌లోని పదమే వచ్చేవి) చాలవు: సైజు 7 ఘాతమే కావాలి, 343 తర్వాత ఏకంగా 2,401.

367 వచ్చిన దారి చాలా అందమైనది. 382 బిందువుల వలయం తీసుకుని, 0 నుంచి 381 దాకా ఒక్కో t ని 1, 7, 49, 343, 2401లతో గుణించి 382తో భాగిస్తే వచ్చే శేషాలే పదం. ఏ రెండు పదాలకైనా ఏదో ఒక స్థానంలో దూరం 108కి తగ్గదు. ఇది గ్రూప్ (ఏ రెండు పదాల తేడా అయినా ఇందులోని పదమే) కాబట్టి జతలన్నీ చూడక్కర్లేదు, t = 1 నుంచి 191 దాకా చూస్తే చాలు. t = 1కే ఐదో స్థానం 109, అంచు మీద గట్టెక్కుతుంది!

చిక్కల్లా ఏడక్షరాలకు కుదించేటప్పుడే. 108ని 7/382తో గుణిస్తే 1.979, అంటే 2కి వెంట్రుకవాసి తక్కువ. అందుకే కొన్ని జతలు ఢీకొంటాయి. వాటిని తీసి, ఖాళీల్లో కొత్తవి చేర్చే పని కంప్యూటర్‌ది. మీ సెర్చ్ ఈ చివరి దశలో పెట్టండి. లేదా ముందే ఒక సిమెట్రీ గ్రూప్ ఎంచుకుని, విడి పదాల బదులు ఆర్బిట్లు (ఆ సిమెట్రీలతో ఒకదాన్నుంచి మరొకటి వచ్చే పదాల గుంపులు) చేర్చండి. 2017లో మాథ్యూ, ఓస్టర్‌గార్డ్ అలాగే 350 సాధించారు.

జవాబు 3:
నాలుగక్షరాలూ వదలకండి. అక్కడ 2,401 పదాలే. ఇప్పటిదాకా 108 కోడ్‌వర్డ్‌లు దొరికాయి; మూడక్షరాలకు గరిష్ఠం 33, ఒక అక్షరం పెరిగితే అది 3.5 రెట్లకు మించదు కాబట్టి 33 × 3.5 లెక్కన 115 దాటదు. 367 ఇచ్చే 3.2578ని (367కి ఐదో మూలం) మించాలంటే 113 కావాలి.

ఒక్క హెచ్చరిక: ఇవన్నీ కెపాసిటీకి కింది హద్దులే. పై హద్దు 3.3177 దగ్గర ఉంది. మొదటి కొన్ని పొడవుల లెక్కలు కచ్చితంగా తెలిసినా, వాటితోనే కెపాసిటీ అంచనా వేయలేని గ్రాఫ్‌లు (ఏది దేనితో పొరబడుతుందో చూపే అల్లికలు) ఉన్నాయని అలోన్, లుబెట్స్కీ 2006లో నిరూపించారు. పై హద్దు దించాలంటే సెర్చ్ కాదు, కొత్త గణితం కావాలి.