సింగపూర్ హాకర్ సెంటర్లలో భోజనం: గుడ్డు కూడా తినని అమ్మ, బీఫ్-పోర్క్ ముట్టని నాన్న. ఏం తినొచ్చు, ఎలా అడగాలి?

కృష్ణాతీరం:
వచ్చే నెల అమ్మానాన్నలతో అయిదు రోజులు సింగపూర్ వెళ్తున్నాం. హోటల్ లిటిల్ ఇండియా దగ్గర తీసుకున్నాం కాబట్టి ఇడ్లీ, దోశెలకు ఇబ్బంది లేదు. కానీ అయిదు రోజులూ అవే తిని రావడం వాళ్లకే ఇష్టం లేదు, హాకర్ సెంటర్లు (ఒకే కప్పు కింద చాలా చిన్న తిండి స్టాల్స్ ఉండే చోట్లు) చూడాలని, అక్కడే తినాలని ఉంది. అమ్మ పూర్తి శాకాహారి. గుడ్డు, చేప ఏవీ ముట్టదు. ఉల్లి, వెల్లుల్లి మాత్రం ఫర్వాలేదు. నాన్న చికెన్, చేప, రొయ్య తింటారు. బీఫ్, పోర్క్ తినరు, పందికొవ్వు తగిలినా వద్దంటారు. ఏ ఐటమ్స్ నిశ్చింతగా తినొచ్చు, ఏవి చూడ్డానికి వెజ్‌లా ఉండి లోపల వేరే ఉంటుంది, కౌంటర్ దగ్గర ఏమని అడగాలి? అక్కడ ఉండేవాళ్లు వివరంగా చెప్పగలరా?

యీషూన్ వాసి:
ముందు ఒక్క మాట. అమ్మగారి విషయంలో ఐటమ్‌ని కాదు, స్టాల్‌ని ఎంచుకోండి. మామూలు స్టాల్‌లో నిలబడి "వెజిటేరియన్ చేసిస్తారా" అంటే చాలామంది సరే అంటారు, పైన వేసే మాంసం మానేసి ఇస్తారు. కానీ రుచంతా మాంసం ముక్కలో ఉండదు. పులుసులో, సాస్‌లో, నూనెలో ఉంటుంది, అది అప్పటికే పడిపోయి ఉంటుంది.

పేరు చూసి మోసపోయే వాటిలో మొదటిది క్యారట్ కేక్ (చాయ్ తౌ క్వే). క్యారట్ ఉండదు, కేక్ అసలే కాదు. తెల్ల ముల్లంగి, బియ్యప్పిండి కలిపి ఆవిరి మీద ఉడికించిన దిమ్మను ముక్కలు చేసి గుడ్లతో వేపుతారు. కొన్నిచోట్ల పందికొవ్వు కూడా వేస్తారు. రెండోది చ్వీ క్వే. తెల్లగా చిన్న గిన్నె ఇడ్లీల్లా కనిపిస్తాయి, మనవాళ్ల చెయ్యి ముందు దాని మీదికే పోతుంది. ఇడ్లీ వరకూ బియ్యప్పిండీ నీళ్లే. దాని మీద వేసే గోధుమరంగు ముల్లంగి తురుముని పాతకాలం పద్ధతిలో పందికొవ్వులో వేపుతారు, ఎండురొయ్యలు కలిపేవాళ్లూ ఉన్నారు. అమ్మగారికీ నాన్నగారికీ ఇద్దరికీ పనికిరాదు.

పోపియా (పల్చటి రేకులో కూర చుట్టి ఇచ్చేది) లోపలి దుంప కూరను సాధారణంగా ఎండురొయ్యలతో ఉడికిస్తారు. లక్సా (నూడుల్స్ వేసిన కారం పులుసు) కొబ్బరిపాలతో చేసిందే, కానీ ముద్దగా నూరే మసాలాలోనే ఎండురొయ్యలూ బెలాచానూ (పులియబెట్టిన రొయ్యల ముద్ద) ఉంటాయి, "రొయ్యలు వద్దు" అంటే పైన వేసేవి మాత్రం తీస్తారు. నాసి లెమాక్‌లో అన్నం కొబ్బరిపాలతో వండిందే, ఎర్ర సంబల్ (మిరప పచ్చడి)లో మాత్రం బెలాచాన్, పక్కన వేయించిన నెత్తళ్లు. పళ్లు, దోసకాయ ముక్కలతో చేసే చైనీస్ రోజాక్‌లో నల్లటి సాస్ కూడా రొయ్యల ముద్దే. గాడో-గాడో (పల్లీ సాస్ పోసిన కూరగాయ ముక్కలు)లో గుడ్డు, రొయ్య అప్పడం పైకే కనిపిస్తాయి, పల్లీ సాస్‌లోని బెలాచాన్ కనిపించదు. మలయ్ స్టాల్‌లో "అడా బెలాచాన్?" (బెలాచాన్ ఉందా) అని అడగండి, ఉన్నదున్నట్టు చెప్తారు.

అన్నం మీద వరసగా పెట్టిన కూరల్లో మూడు చూపించి తీసుకునే స్టాల్స్ (చాయ్ పెంగ్, ఎకనామిక్ రైస్) ప్రతి సెంటర్‌లోనూ ఉంటాయి. ఆకుకూరలు పచ్చగా నిగనిగలాడుతుంటాయి. ఆ మెరుపు చాలాసార్లు ఓయ్‌స్టర్ సాస్ (ఆల్చిప్పల మాంసంతో చేసే సాస్)ది. వంకాయలో ఎండురొయ్యలు, టోఫు మీద పోర్క్ కీమా మామూలే. ఒకే బాణలి, ఒకే గరిటె. అమ్మగారికి అది వద్దు.

మరి ఏం తినాలంటే, "వెజిటేరియన్" అని బోర్డు ఉన్న చైనీస్ స్టాల్‌కి వెళ్లండి. పెద్ద హాకర్ సెంటర్లలో చాలావాటిలో కనీసం ఒకటి దొరుకుతుంది. ఇవి బౌద్ధ పద్ధతివి, మాంసం, చేపతోపాటు చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. పొద్దున ఫ్రైడ్ బీహూన్ (సన్న బియ్యం సేమ్యా), దాని మీద క్యాబేజీ, వేయించిన టోఫు రేకు. మధ్యాహ్నం అన్నం, మూడు కూరలు. సుమారు 4 నుంచి 6 సింగపూర్ డాలర్లవుతుంది. రెండు జాగ్రత్తలు. సోయా, గోధుమ గ్లూటెన్‌తో చేసిన నకిలీ మాంసం అచ్చం చికెన్ ముక్కలా, ఎర్రటి పోర్క్‌లా ఉంటుంది. అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే ప్లేటు చూసి తినలేరు. రెండోది, వెజ్ స్టాల్ అయినా గుడ్డు వాడేవాళ్లు ఉన్నారు, "నో ఎగ్" అని విడిగా చెప్పాల్సిందే.

థండర్ టీ రైస్ (లేయి చా) అమ్మగారికి నా మొదటి సిఫార్సు. హక్కా అనే చైనీస్ తెగ వాళ్ల వంట. అన్నం మీద సన్నగా తరిగిన నాలుగైదు రకాల ఆకుకూరలు, బీన్స్, టోఫు, వేయించిన పల్లీలు వేస్తారు. పక్కన గిన్నెలో టీ ఆకు, పుదీనా, తులసి జాతి ఆకులు, నువ్వులు, పల్లీలు నూరి వేణ్నీళ్లు పోసిన పచ్చటి చారు. అన్నంలో పోసుకుని కలుపుకోవాలి. మామూలు స్టాల్‌లో పైన నెత్తళ్లు చల్లుతారు కాబట్టి వెజ్ స్టాల్‌లో దొరికితేనే తీసుకోండి. చారు మొదటి గుక్క చేదనిపిస్తుంది, అందుకే మొత్తం ఒకేసారి పోసెయ్యకుండా కొద్దికొద్దిగా కలపండి.

తీపిలో భయం లేదు. టౌ హ్వే (సోయాపాల జున్నులాంటిది, వేడిగానో చల్లగానో పంచదార పాకంతో), చెండోల్ (బియ్యప్పిండి పచ్చ తీగలు, కొబ్బరిపాలు, గులా మెలాకా అనే తాటిజాతి బెల్లం), చెరుకురసం, అన్నీ శాకాహారమే. కాయా టోస్ట్ మాత్రం వద్దు. కాయా అంటే పళ్ల జామ్ కాదు, గుడ్లూ కొబ్బరిపాలూ పంచదార కలిపి ఉడికించిన ముద్ద. బదులుగా బటర్-షుగర్ టోస్ట్ అడగండి.

సెరంగూన్ రోడ్డు:
పై జవాబుకి కొంచెం చేరుస్తాను. ప్రాటా గురించి ఎవరూ చెప్పలేదు, శాకాహారులు ఎక్కువగా బోల్తా పడేది అక్కడే. ప్లెయిన్ ప్రాటా అంటే మన పరోటానే కదా అని కూర్చుంటారు. అడక్కపోతే పక్కన వచ్చేది చేపల పులుసో మటన్ పులుసో. "దాల్" అడిగినా ఇండియన్ ముస్లిం స్టాల్స్‌లో చాలాసార్లు దాల్చా పోస్తారు, అందులో మటన్ ఎముకలు ఉడికి ఉంటాయి. పిండిలో గుడ్డు కలిపేవాళ్లూ ఉన్నారు. పెనం మీద పక్కనే ఎగ్ ప్రాటా, మటన్ ముర్తబాక్ (మాంసం కూరిన పరోటా) కాలుతుంటాయి. కాబట్టి అమ్మగారికి ప్రాటా కావాలంటే పూర్తి శాకాహార భోజనశాలలోనే తినిపించండి. సెరంగూన్ రోడ్డులో 1947 నుంచీ నడుస్తున్న కోమల విలాస్ లాంటివి అందుకే ఉన్నాయి.

టెక్కా సెంటర్ మీ హోటల్‌కి దగ్గరే, లిటిల్ ఇండియా ఎమ్ఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ సి గేటు పక్కనే. కింది అంతస్తులో ఒకవైపు కూరగాయలు, చేపలు, మాంసం అమ్మే మార్కెట్, ఇంకోవైపు తిండి స్టాల్స్. మాంసం వాసన ఇబ్బంది అయితే అమ్మగారిని మార్కెట్ వైపు నుంచి తీసుకెళ్లొద్దు. నాన్నగారికి బిర్యానీ బాగుంటుంది, కానీ హైదరాబాద్ దమ్ బిర్యానీ ఆశించొద్దు, మసాలా ఘాటు తక్కువగా, అన్నం తడిగా ఉంటుంది. హలాల్ స్టాల్‌లో పోర్క్ భయం లేదు గానీ బీఫ్ ఉంటుంది. రెండాంగ్ (కొబ్బరితో ఇగిర్చిన మాంసం కూర), సూప్ ఏది తీసుకున్నా "చికెన్? మటన్?" అని అడిగి తీసుకోండి. చైనీస్ స్టాల్స్‌లో దీనికి తలకిందులు. పోర్క్ మామూలు, బీఫ్ అమ్మేవి తక్కువ, ఎందుకంటే గ్వాన్‌యిన్ అమ్మవారి భక్తులు చాలామంది బీఫ్ తినరు.

శాకాహారానికి టెక్కా కన్నా మంచి చోటు ఒకటుంది. మిడిల్ రోడ్డులో ఫార్చ్యూన్ సెంటర్ అని పాత భవనం, కింది అంతస్తుల్లో వెజిటేరియన్ హోటళ్లు, స్టాల్స్ చాలా ఉన్నాయి. దగ్గర్లో వాటర్‌లూ స్ట్రీట్‌లో గ్వాన్‌యిన్ గుడి, దాని పక్కనే శ్రీకృష్ణుడి గుడి. ఆ గుడికొచ్చే భక్తుల వల్లే ఆ చుట్టుపక్కల ఇంత వెజ్ తిండి. రెండు గుళ్లూ చూసుకుని భోజనం చెయ్యొచ్చు.

వెళ్లే ముందు మన పంచాంగం చూసుకోండి. చైనీస్ నెలలో 1వ, 15వ తేదీల్లో చాలామంది మాంసం మానేస్తారు. అవి సుమారుగా మన అమావాస్య, పౌర్ణమి దగ్గరే పడతాయి. ఆ రోజుల్లో వెజ్ స్టాల్స్ ముందు పెద్ద వరసలుంటాయి, ఆలస్యంగా వెళ్తే కూరలు అయిపోతాయి. తర్వాతి రోజు కొన్ని స్టాల్స్ సెలవు పెడతాయి.

కృష్ణాతీరం:
చాలా ఉపయోగపడింది, ఇద్దరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. అందరూ చెప్పే చికెన్ రైస్ నాన్నకి ఫర్వాలేదా? ఆయనకి షుగర్ ఉంది, అక్కడి కాఫీ, టీ పంచదార లేకుండా ఎలా అడగాలి?

పప్పుచారు:
చికెన్ రైస్ ఫర్వాలేదు, స్టాల్ చూసి తీసుకోండి. అన్నాన్ని కోడికొవ్వు, అల్లం, వెల్లుల్లి, పాండన్ ఆకుతో వేపి కోడి ఉడికిన నీళ్లలో వండుతారు. పోర్క్ అవసరమే లేని వంట. సమస్య గాజు అల్మారాలో కనిపిస్తుంది. కోళ్లు, టోఫు మాత్రమే వేలాడుతుంటే సరే. ఎర్రటి చార్ సియూ (తియ్యగా కాల్చిన పోర్క్) పట్టీలు, పెళపెళలాడే తోలున్న రోస్ట్ పోర్క్ కూడా వేలాడుతుంటే అదే చెక్క దిమ్మ మీద, అదే కత్తితో కొడతారు, కొవ్వు దిమ్మకి పట్టి ఉంటుంది. అలాంటిచోట వద్దు. ఇంకా నిశ్చింతగా ఉండాలంటే హలాల్ గుర్తున్న చికెన్ రైస్ స్టాల్స్ ఉన్నాయి.

తెల్లకోడి (స్టీమ్‌డ్ అంటారు) నిజానికి ఆవిరి మీద ఉడికింది కాదు, మరిగీ మరగని నీళ్లలో ఉంచి తర్వాత చన్నీళ్లలో ముంచుతారు. అందుకే తోలు జారుడుగా, తోలు కింద జెల్లీలా ఉంటుంది, ఎముక దగ్గర కాస్త గులాబిరంగు కనిపిస్తుంది. పచ్చిది ఇచ్చారని మనవాళ్లు వదిలేస్తుంటారు. ఆ తీరు నచ్చకపోతే "రోస్టెడ్" అడగండి. కూర రాదు. మిరప సాస్, నల్లటి సోయా, నూరిన అల్లం, మూడూ అన్నం మీద వేసుకుని కలుపుకుంటేనే రుచి. పక్కన ఇచ్చే చారు కోడి నీళ్లే. మొత్తం 4 నుంచి 6 డాలర్లు.

నాన్నగారికి వద్దన్నవి: చార్ క్వే తియావ్ (వేపిన వెడల్పు నూడుల్స్, అందులో పందికొవ్వు, చైనీస్ సాసేజ్), హొక్కియెన్ మీ (నూడుల్సే, అందులో పోర్క్ ఎముకల నీళ్లు, వేపిన కొవ్వు ముక్కలు), ఫిష్‌బాల్ నూడుల్స్ (పేరులో చేప, కలిపేది కొవ్వులో, పైన పోర్క్ కీమా). "నో లార్డ్" (పందికొవ్వు వద్దు) అంటే చివర్లో చల్లేది ఆపుతారు, ముందే వేపినదాంట్లోంచి తియ్యలేరు. సాతే తినిపించండి. చికెన్, మటన్ పుల్లలు, బొగ్గుల మీద. చాలాచోట్ల కనీసం పది పుల్లలు తీసుకోమంటారు. పోర్క్ సాతే కూడా అమ్మే స్టాల్ అయితే పొయ్యి ఒకటే, మలయ్ స్టాల్ చూసుకోండి, అక్కడ బీఫ్ పుల్లలు కలపొద్దని చెప్పండి. లౌ పా సాత్ హాకర్ సెంటర్ పక్కన బూన్ తాత్ వీధిని సాయంత్రం వాహనాలకి మూసేసి బల్లలు వేస్తారు, అక్కడ కూర్చుని తినడం పెద్దవాళ్లకి బాగుంటుంది.

ఇక కాఫీ. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు: "కోపీ" అంటే కాఫీలో కండెన్స్‌డ్ మిల్క్, అంటే తీపి పాలలోనే ఉంది. "కోపీ ఓ" పాలు లేకుండా పంచదారతో. "కోపీ సి" ఇవాపరేటెడ్ మిల్క్ (తీపి కలపని చిక్కటి పాలు), పంచదార. చివర "కోసోంగ్" చేరిస్తే పంచదార ఉండదు, "సియూ దాయ్" అంటే తగ్గిస్తారు. నాన్నగారికి కావలసింది "కోపీ సి కోసోంగ్". ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, "కోపీ, నో షుగర్" అంటారు. వాళ్లు పంచదార వెయ్యరు, కండెన్స్‌డ్ మిల్క్ మాత్రం గ్లాసు అడుగున అలాగే ఉంటుంది. కలిపాక ఒకటే తీపి. టీకీ ఇదే లెక్క: "తే సి కోసోంగ్". తే తారిక్ మాత్రం కండెన్స్‌డ్ మిల్క్‌తోనే చేస్తారు. గింజల్ని పంచదార, మార్జరీన్‌తో కలిపి మాడ్చి వేపుతారు కాబట్టి కాఫీ చిక్కగా, ఘాటుగా ఉంటుంది. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్లు "పో" చేర్చి అడిగితే పల్చగా ఇస్తారు.

యీషూన్ వాసి:
అక్కడ పద్ధతి ఎలా ఉంటుందో కూడా చెప్తాను. ముందు బల్ల చూసుకోవాలి, తర్వాతే తిండి. ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్, గొడుగు ఉంటే అది ఎవరో పెట్టుకున్నట్టు లెక్క, అక్కడ కూర్చోవద్దు. మీరైతే అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి ఒక్కరే వెళ్లండి. బల్ల మీద నంబరుంటే చూసుకుని వెళ్లండి, కొన్ని స్టాల్స్ తెచ్చిస్తాయి, "సెల్ఫ్ సర్వీస్" అని ఉంటే మీరే ట్రే మోసుకోవాలి. డబ్బు ఆర్డర్ చెప్పగానే కట్టాలి. చాలా స్టాల్స్ విదేశీ కార్డు తీసుకోవు, 2, 5, 10 డాలర్ల నోట్లు దగ్గరుంచుకోండి. ప్యాక్ చెయ్యమనడానికి "తా పావ్", డబ్బాకి కొంచెం అదనం. ప్యాక్ చేసింది ఎమ్ఆర్‌టీలో తినొద్దు, తాగొద్దు, జరిమానా 500 డాలర్ల దాకా ఉంది. నీళ్లు ఎవరూ పెట్టరు. కుళాయి నీళ్లు తాగొచ్చు కాబట్టి సీసా నింపుకుని వెళ్లండి. టిష్యూలు కూడా మీవే.

తిన్నాక ట్రే, ప్లేట్లు, వాడిన టిష్యూలు తీసి ర్యాక్ దగ్గర పెట్టడం హాకర్ సెంటర్లలో 2021 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. మొదటిసారి రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. ర్యాక్‌లు హలాల్‌కి వేరు, మిగతావాటికి వేరు ఉంటాయి. పోర్క్ తిన్న ప్లేటు హలాల్ వైపు పెట్టకూడదు, బోర్డు చదివి పెట్టండి.

హాకర్ సెంటర్లో బోర్డు మీదున్న ధరే కడతారు. హోటల్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులు కనిపిస్తే దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జీ, ఆ మొత్తం మీద 9 శాతం జీఎస్‌టీ పడతాయి. సీఫుడ్ ధర 100 గ్రాములకి రాసి ఉంటుంది, తూకం వేసి మొత్తం ఎంతో చెప్పాకే వండమనండి.

వేళలు ముఖ్యం. మధ్యాహ్నం 12 నుంచి 1.30 దాకా ఆఫీసులవాళ్ల రద్దీ, పెద్దవాళ్లతో బల్ల దొరకదు. 11.15కల్లా వెళ్లండి. మంచి స్టాల్స్ మధ్యాహ్నం రెండు, మూడింటికే కట్టేస్తాయి. అమోయ్ స్ట్రీట్ లాంటి ఆఫీసు ప్రాంతాల సెంటర్లకి సాయంత్రాలు, శని ఆదివారాలు వెళ్లి లాభం లేదు. సోమవారం చాలామందికి సెలవు. పైగా శుభ్రం చెయ్యడానికి సెంటర్ మొత్తాన్ని అప్పుడప్పుడు మూసేస్తారు, ఆ తేదీలు ఎన్ఈఏ (హాకర్ సెంటర్లు చూసే ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. బయల్దేరే ముందు మీ అయిదు రోజులకీ టెక్కా, మాక్స్‌వెల్ హాకర్ సెంటర్ల తేదీలు సరిచూసుకోండి.