లంక మీద కట్టడం: సాయిల్ రిపోర్టులో లిక్విఫాక్షన్ లెక్కను నమ్మొచ్చా?

ప్రశ్న (విజయవాడ):
ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో ఉన్న లంక మీద రెండంతస్తుల గెస్ట్‌హౌస్ కట్టాలి. మే నెలలో బోరు వేస్తే నీళ్లు 4 మీటర్ల దగ్గర తగిలాయి. 2 నుంచి 8 మీటర్ల దాకా సన్న ఇసుక, 5 మీటర్ల దగ్గర ఎన్ విలువ (ఎస్‌పీటీ అనే పరీక్షలో గొట్టం ఇసుకలో దిగడానికి పట్టిన సుత్తి దెబ్బల సంఖ్య) 9. బోరు మూతి ఆర్.ఎల్. (సముద్ర మట్టం నుంచి ఎత్తు) 18.9 మీటర్లు. లిక్విఫాక్షన్‌కు, అంటే భూకంపంలో తడి ఇసుక పట్టు వదిలి ద్రవంలా మారడానికి, తీవ్రత 6.5తో సేఫ్టీ ఫ్యాక్టర్ (ఇసుక తట్టుకునే బలం, భూకంపం పెట్టే బలానికి ఎన్ని రెట్లో; 1 దాటాలి) 1.28 వచ్చింది, భయం లేదని రిపోర్టులో రాశారు. సరేనా సార్?

జవాబు (గుంటూరు):
కూడికలు సరిగ్గానే ఉన్నాయండీ. తీసుకున్న నీటి మట్టమే తప్పు. బ్యారేజీ పూర్తి మట్టం 57.05 అడుగులు, అంటే 17.39 మీటర్లు. గేట్లు దించి నీళ్లు నిలబెడితే మీ స్థలంలో నీరు 1.5 మీటర్లకే వస్తుంది. భూకంపం మే నెల చూసుకుని రాదు కదా.

భూకంప కోడ్ ఐఎస్ 1893 (2016) ప్రకారం విజయవాడ జోన్ 3, జెడ్ (ఆ జోన్‌కు తీసుకునే నేల ఊపు గుణకం) 0.16. 5 మీటర్ల దగ్గర మళ్లీ వేయండి: మొత్తం ఒత్తిడి 95, నీటి ఒత్తిడి 34, ఇసుక రేణువుల మధ్య మిగిలింది 61 కిలోపాస్కల్స్. సీఎస్ఆర్ (భూకంపం ఇసుక మీద పెట్టే ఒత్తిడి నిష్పత్తి) 0.112 నుంచి 0.156కి ఎగబాకుతుంది. ఎన్ విలువ సవరణ మాత్రం బోరు వేసిన నాటి మట్టంతోనే చేయాలి. ఎస్‌పీటీ రాడ్ పొడవు సవరణ 0.85 కూడా కలిపితే ఎన్ 8.5 దగ్గర ఆగుతుంది. చాలామంది ఇక్కడా కొత్త మట్టమే వాడి ఎన్‌ను ఊరికే పెంచేస్తారు. సీఆర్ఆర్ (ఇసుక తట్టుకోగల నిష్పత్తి) 0.10, 6.5 తీవ్రతకు గుణకం 1.44. సేఫ్టీ ఫ్యాక్టర్ 0.92. ఇసుక నిలవదు.

ఇంకోటి అడగండి: బోరులో నీళ్లు బయటి మట్టం కంటే దిగకుండా నింపుతూ ఎస్‌పీటీ చేశారా? దిగితే అడుగు నుంచి ఇసుక పొంగి ఎన్ అబద్ధం చెబుతుంది.

ప్రశ్న:
పునాది 3 మీటర్లకు దించితే సరిపోతుందా?

జవాబు (విజయవాడ, ఫౌండేషన్ పనులు):
చాలదండీ. కింద ఇంకా 5 మీటర్ల వదులు ఇసుక ఉంది. 3 శాతం కుంగినా 15 సెంటీమీటర్లు, అదీ ఒక మూల ఎక్కువ, ఒక మూల తక్కువ. స్టోన్ కాలమ్స్‌తో (నేలలోకి దిమ్మిసగా దించే కంకర స్తంభాలు) 8 మీటర్ల దాకా గట్టిపరచండి, తర్వాత ఎస్‌పీటీ మళ్లీ చేయించి చూశాకే రాఫ్ట్ (కట్టడం మొత్తానికీ ఒకే పలక పునాది) వేయండి. పైల్స్ అయితే ఆ పొర పక్క పట్టు సున్నా అనుకుని కింది గట్టి పొరలోకి దించాలి. అన్నిటికన్నా ముందు కట్టడాన్ని ఒడ్డుకు దూరంగా జరపండి. ఒడ్డు పక్కన ఇసుక కుంగడంతో ఆగదు, నదిలోకి జారుతుంది. ఆ జారుడుకు సన్న పైల్స్ విరుగుతాయి.

కుంగుదల కొలిచే బెంచ్‌మార్క్ లంక మీదే పెట్టారనుకోండి, మొత్తం లంక దిగినా మీ లెక్కలో తేడా సున్నా వస్తుంది. ఇంద్రకీలాద్రి వైపు గట్టి బండ మీద ఒకటి పెట్టుకుని, నది దాటేటప్పుడు రెండు ఒడ్ల నుంచీ లెవెల్ చదవండి.