దసరా సెలవుల్లో నేపాల్ క్లైంబింగ్: అందరం రైలు, బస్సులోనే పోవాలా? విమానం ఎక్కేవాళ్లని ఎక్కనివ్వాలా?

రాచకొండ_బాట:
భువనగిరి గుట్ట మీద ఆదివారాలు కలిసి ఎక్కే మా గ్యాంగు ఇక్కడ చాలామందికి తెలుసు. భువనగిరి, నల్లగొండ, దేవరకొండ, మహబూబ్‌నగర్ నుంచి పన్నెండు మందిమి. ఈ దసరాకి నేపాల్ పోవాలని ఖాయం చేసుకున్నాం. ఖాట్మండు పక్కన నాగార్జున్, ఫర్పింగ్ దగ్గర హాత్తీబన్, టైమ్ మిగిలితే బందీపూర్ కింద బిమల్‌నగర్. అన్నీ బోల్టులు కొట్టి ఉన్న సున్నపురాయి గోడలే.

ఇక గొడవ. నలుగురు ఢిల్లీ మీదుగా విమానంలో వచ్చి ఖాట్మండులో కలుస్తామంటున్నారు. మిగతావాళ్లు "పోతే అందరం కలిసి రక్సౌల్ (బీహార్‌లో నేపాల్ బార్డర్ ఊరు) రైలెక్కుదాం, లేకపోతే ఎవరి ట్రిప్పు వాళ్లది" అంటున్నారు. నా ఓటు రైలుకే. కింద తాడు పట్టుకుని బిలే చేసేవాడి చేతిలో ప్రాణం పెడతాం. ఆ మనిషికి ఆకలైతే ఎట్లుంటాడు, నిద్ర లేకపోతే ఎట్లుంటాడు అన్నది రెండు రాత్రులు రైల్లో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. మీరేమంటారు?

బడిపంతులు_దేవరకొండ:
అన్నా, నువ్వు స్నేహం గురించి చెప్పావు, నేను పైసల గురించి చెప్తా. నాది ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం. విమానం టికెట్ నాకు అయ్యే పని కాదు. అందులో సిగ్గేం లేదు. కానీ ఆ నలుగురూ హాయిగా దిగి, రాత్రంతా నిద్రపోయి, పొద్దున్నే మంచి రూట్లన్నీ ఎక్కేసి ఉంటారు. మేము నడుములు పట్టేసి వచ్చి వాళ్ల ఫోటోలు చూడాలి. పైగా తాళ్లు, క్విక్‌డ్రాలు (తాడుని బోల్టుకి తగిలించే కొక్కేల జతలు), హెల్మెట్లు ఎవరు మోస్తారు? 60 మీటర్ల తాడు ఒక్కటే నాలుగు కిలోలకి దగ్గర. దేశంలో తిరిగే విమానాల్లో మామూలు టికెట్‌కి చెకిన్ బ్యాగు 15 కిలోలే. అంటే తాళ్లన్నీ మా నెత్తినే. ముందు ఈ లెక్క తేలాలి.

కోయిల్‌కొండ_కోట:
మా పాలమూరు నుంచి తట్టా బుట్టా పట్టుకుని బొంబాయి బస్సెక్కినవాళ్లు ఇంటికొకరు ఉంటారు. రెండు రాత్రుల రైలుకే ఇంత చర్చ పెట్టినందుకు నవ్వొస్తోంది. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల సామాను ఉచితం. తాళ్లన్నీ తెచ్చుకోవచ్చు. పోయే దారి కూడా ట్రిప్పులో భాగమే కదా.

ఒక్కటే జాగ్రత్త. తాడు సంచిని రైల్లో బాత్రూమ్ పక్కన కానీ, జీపులో బ్యాటరీ దగ్గర కానీ పెట్టొద్దు. యాసిడ్ తగిలితే నైలాన్ లోపల్నుంచి పాడవుతుంది, పైకి మాత్రం కొత్త తాడులాగే కనిపిస్తుంది.

మిల్లు_లెక్కలు_మిర్యాలగూడ:
కోయిల్‌కొండ అన్నా, బొంబాయి బస్సు వేరు, దసరాకి బీహార్ రైలు వేరు. నేను రైస్ మిల్లులో గుమాస్తాని. మా దగ్గర హమాలీలు ఎక్కువమంది బీహారోళ్లే. దసరా, దీపావళి, ఛఠ్ మూడూ అటుపక్క వరసగా వస్తాయి. అప్పుడు ఇంటికి పోయేవాళ్లతో ఆ రైలు ఎట్లుంటుందో వాళ్లనడిగితే చెప్తారు. మీ దగ్గర కన్ఫర్మ్ బెర్త్ ఉన్నా దాని మీద ముగ్గురు కూర్చుని ఉంటారు. లేవమని గట్టిగా అనలేం. ఏడాదికోసారి పిల్లల్ని చూడడానికి పోతున్న మనుషులు వాళ్లు. మనం పోయేది రాళ్లెక్కడానికి.

తిరుగు ప్రయాణం మాత్రం నయం. దసరాకి పోయినవాళ్లు చాలామంది ఛఠ్ అయ్యేదాకా రారు. కాబట్టి పోయేటప్పుడు నరకం, వచ్చేటప్పుడు పర్వాలేదు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, 2024 నవంబర్ నుంచి 120 రోజుల రూలు పోయింది. తెరిచిన రోజు పొద్దున్నే కూర్చుని పన్నెండు బెర్తులు పట్టాలి. ఒక్క పీఎన్‌ఆర్‌లో ఆరుగురికే వస్తాయి, అది కూడా చూసుకోండి.

ఎముకల_వార్డు_అక్క:
మీరందరూ పోయేటప్పటి సంగతే మాట్లాడుతున్నారు. నేను నల్లగొండలో ఆర్థో వార్డులో నర్సుని, ఆదివారాలు గుట్ట మీద మీతోనే ఉంటాను. రాక్ క్లైంబింగ్‌లో ఎక్కువగా చూసేది చీలమండ దెబ్బలు, వేలి టెండన్లు. చీలమండ విరిగిన మనిషిని జీపులో ఘాట్ రోడ్డు మీద దింపి, బార్డర్ దగ్గర టాంగా ఎక్కించి, పైన బెర్త్ కింద బెర్త్ అని బతిమాలి, రెండు రాత్రులు రైల్లో తెస్తారా? కాలు కిందికి వేలాడేసి అంతసేపు కూర్చుంటే వాపే కాదు, రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

అందుకే నా మాట ఇది. పోవడం ఎట్లా పోయినా, ఒక మనిషికి, తోడుగా ఇంకొకరికి ఖాట్మండు నుంచి విమానంలో తిరిగొచ్చే డబ్బు గ్రూపు డబ్బాలో ముందే ఉండాలి. అది లేకుండా రైలు గొప్పా విమానం గొప్పా అని కొట్లాడుకోవడం నాకు ఎక్కదు. ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకునేవాళ్లు కాగితం చివరిదాకా చదవండి. చాలా పాలసీల్లో రాక్ క్లైంబింగ్‌ని అడ్వెంచర్ స్పోర్ట్ కింద తీసేస్తారు.

ఎత్తుల_రాజు:
రోడ్డు మార్గంలో పోతే మెల్లగా ఎత్తుకి అలవాటు పడతాం కదా? మన భువనగిరిలో ట్రైనింగ్ తీసుకున్న పూర్ణ, ఆనంద్ 2014లో ఎవరెస్ట్ ఎక్కింది కూడా అట్లా అలవాటు పడే కదా. విమానంలో దిగితే తల తిరుగుతుందేమో.

కోయిల్‌కొండ_కోట:
తమ్మీ, నేను రైలు పార్టీయే, కానీ ఈ పాయింటు మనకి పనికిరాదు. ఖాట్మండు సుమారు 1,400 మీటర్లు. ఊటీ దానికన్నా చాలా ఎత్తు. ఊటీలో ఎవరికైనా తల తిరిగిందా?

బడిపంతులు_దేవరకొండ:
ఘాట్ రోడ్డుకి తిరుగుతుంది, ఎత్తుకి కాదు 😄

సున్నపురాయి_పిచ్చి:
నేను ఇంతకుముందు నేపాల్‌లో ఎక్కాను కాబట్టి నాలుగు ముక్కలు. పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ముందు రాయి గురించి. మనది గ్రానైట్. భువనగిరి స్లాబ్ మీద చేతికి పట్టేమీ దొరకదు, షూ రబ్బరుని నమ్మి పాదాల మీద నడుస్తాం. అక్కడి లైమ్‌స్టోన్ నిటారుగా ఉంటుంది, పట్టు దొరుకుతుంది, బరువంతా వేళ్ల మీద, ముంజేతుల మీద పడుతుంది. మనకి సున్నపురాయి అంటే హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకి పోయేదే తప్ప ఎక్కే అలవాటు లేదు. అందుకని మొదటి రోజు ఎట్లాగూ తేలిక రూట్లే చేయాలి. రైల్లో నలిగి వచ్చినా, విమానంలో దిగినా ఆ రోజు తేడా పెద్దగా ఉండదు. పంతులు గారూ, మీ ఫోటోల బాధ అక్కడికి సగం తీరినట్టే.

రెండోది దశైన్. మన దసరా రోజుల్లోనే వాళ్ల దశైన్. నేపాల్‌లో అంతకన్నా పెద్ద పండగ లేదు. ఖాట్మండు సగం ఖాళీ అయి జనం ఊళ్లకి పోతారు. అది వినగానే అందరూ "అయితే బస్సులు దొరకవు" అంటారు. కానీ దిక్కు చూడండి. పండగ ముందు రష్ ఖాట్మండు నుంచి బయటికి, మనం పోయేది లోపలికి. పండగ అయ్యాక వాళ్లు లోపలికి, మనం బయటికి. నిజంగా ఇబ్బంది నుదుట టీకా (బొట్టు) పెట్టుకునే ఆ రెండు మూడు రోజులే. బస్సులు తక్కువ, హోటళ్లు మూత. ఆ రోజుల్లో ఉన్న చోటు కదలకుండా క్లైంబింగ్ పెట్టుకోవాలి.

మూడోది దారి. రక్సౌల్ అవతల నేపాల్ వైపున్న బీర్‌గంజ్ నుంచి పెద్ద బస్సులు నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మీదుగా చుట్టూ తిరిగి పోతాయి. ఆ నారాయణ్‌ఘాట్-ముగ్లింగ్ రోడ్డు వానాకాలంలో భయంకరం. 2024 జూలైలో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి పడి రెండు బస్సులు త్రిశూలి నదిలో కొట్టుకుపోయాయి, అరవై మందికి పైగా ఉన్నారు వాటిలో. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో కుండపోత వానకి ఖాట్మండుకి పోయే రోడ్లన్నీ తెగిపోయాయి. అప్పుడు చూస్తే దసరా అక్టోబర్ రెండో వారంలో. అంటే పండగ తొందరగా వచ్చిన ఏడాది రోడ్డు నాకు ఇష్టం లేదు, అక్టోబర్ రెండో సగంలో వస్తే ఇష్టమే. రైలా విమానమా అనేదానికి నా జవాబు క్యాలెండర్ చూసి చెప్పేదే.

సుమోలు మాత్రం హెటౌడా నుంచి కులేఖాని మీదుగా అడ్డదారిలో పోతాయి. దారి ఇరుకు, మలుపులు ఎక్కువ, పెద్ద బండ్లు పట్టవు. ఆ దారి ఫర్పింగ్ మీదుగానే ఖాట్మండు చేరుతుంది. హాత్తీబన్ ఎట్లాగూ ఫర్పింగ్ పక్కనే. అక్కడే దిగిపోతే ఖాట్మండు ట్రాఫిక్ ముఖం చూడకుండానే మొదటి గోడ ఎక్కొచ్చు. రోడ్డున వచ్చేవాళ్లకి ఈ లాభం ఉంది, విమానంలో వచ్చేవాళ్లు నగరం దాటుకుని రావాలి.

నల్లగొండ_ట్రావెలర్:
ఇదంతా ఎందుకు, ఇక్కడి నుంచే టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటే? పన్నెండు మంది సరిగ్గా సరిపోతారు.

మిల్లు_లెక్కలు_మిర్యాలగూడ:
రాష్ట్రం రాష్ట్రానికీ పర్మిట్, ట్యాక్స్. బార్డర్‌లో భన్సార్ (నేపాల్ కస్టమ్స్ సుంకం) కట్టాలి, అది రోజుల లెక్కన. మీరు గోడ ఎక్కుతున్నన్ని రోజులూ బండి ఊరికే నిలబడి ఉన్నా కట్టాల్సిందే. డ్రైవర్ బత్తా సరేసరి. కొండ రోడ్డు అలవాటు లేని డ్రైవర్ అయితే నేను ఎక్కను.

విమానం_పార్టీ:
ఆ నలుగురిలో నేనొకణ్ని. ఇంతసేపూ చదివా. స్నేహం లేదనో, డబ్బు పొగరనో అనుకుంటున్నట్టున్నారు. నాకు సెలవు వారమే. స్కూళ్లకి రెండు వారాల దసరా, మా ఆఫీసుకి కాదు. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు రోడ్డుకే పోతే నేను గోడని ముట్టుకునేది ఒక్క రోజు. "అందరం కలిసి" అంటే అర్థం నాలాంటివాళ్లు ఇంట్లో ఉండిపోవాలనా? అన్నా, నువ్వు చెప్పిన రైలు పరీక్ష నాకు ఆదివారాలు గుట్ట మీద ఎప్పుడో అయిపోయింది కదా.

సామాను మాటకి వస్తే, తలా ఒక తాడు మేము తెస్తాం. బట్టలు తగ్గించుకుంటాం. కారబైనర్లు (లోహపు కొక్కేలు) చెకిన్‌లోనే వేస్తాం, చేతులకి రాసుకునే చాక్ పొడి కూడా. తెల్ల పొడి చూసి సెక్యూరిటీ వాళ్లు అడిగితే వివరించే ఓపిక మాకుంది.

బడిపంతులు_దేవరకొండ:
తాడు తెస్తానంటే నాకింకేం పేచీ లేదు బాబూ. కానీ ఇంకొకటి కూడా ఒప్పుకో. మేము చేరేదాకా మీరు నలుగురే ఎక్కుతూ కూర్చోకుండా, మాకు రూములు, జీపు చూసి పెట్టాలి.

ఎముకల_వార్డు_అక్క:
నా డబ్బా గురించి ఒక్కరూ మాట్లాడలేదు. ఇద్దరి టికెట్ డబ్బు ఎవరెవరు ఎంత వేస్తున్నారో చెప్పండి. అది తేలకుండా నేను రాను, ఫస్ట్ ఎయిడ్ కిట్టూ రాదు.

రాచకొండ_బాట:
అక్కా, తలా సమానంగా వేద్దాం, విమానం వాళ్లు కూడా. దెబ్బ తగలకపోతే తిరిగొచ్చాక ఎవరిది వాళ్లకి.

కలిసి పోతేనే గ్రూపు అనే నా మాట నేను వదలను. కానీ వారమే సెలవు ఉన్న మనిషిని ఆపడం న్యాయం కాదు. కాబట్టి సెలవు ఉండి కూడా విమానం అనేవాళ్లతో మాత్రమే నా తగాదా. ఆ నలుగురిలో అట్లాంటివాళ్లు ఇద్దరున్నారు, వాళ్లకి ఫోన్ చేస్తా.

రైలువాళ్లకి: దసరాకి నాలుగు రోజుల ముందు అటు చేరేట్టు టికెట్లు చూస్తున్నా, రెండు బుకింగ్‌లుగా. మిల్లు అన్నా, మీ హమాలీల్లో రక్సౌల్ వైపు వాళ్లుంటే ఏ స్టేషన్‌లో రద్దీ తగ్గుతుందో కనుక్కుని చెప్పు. పాస్‌పోర్టు కానీ ఓటరు కార్డు కానీ లేనివాళ్లు ఇప్పుడే చేయి ఎత్తండి. ఆధార్ చూపించి దాటుదామనుకుంటే మేము హాత్తీబన్ ఎక్కుతుంటే మీరు రక్సౌల్‌లో చాయ్ తాగుతూ ఉంటారు.