నోరు పెగలని పిల్లలకు సభలో మాట్లాడటం ఎలా నేర్పాలి?

నల్లకుంట అధ్యాపకురాలు:
అందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాలలో వాణిజ్యశాస్త్రం బోధిస్తాను. చివరి సంవత్సరం పిల్లలకు ప్రతి శనివారం గంటన్నర సేపు సభలో మాట్లాడటం నేర్పే పని ఈ ఏడాది నాకు అప్పగించారు. తరగతిలో 40 మంది ఉన్నారు. వారిలో సగానికి పైగా పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివినవాళ్లే.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. జీఎస్టీలో ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నును అమ్మకం మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం, ఎలా పనిచేస్తుందో క్యాంటీన్‌లో తోటివాళ్లకు లెక్క వేసి మరీ చెబుతుంది. అదే విషయం బల్ల ముందు నిలబడి చెప్పమంటే రెండో వాక్యానికే గొంతు పూడుకుపోయింది. చేతిలో కాగితం గలగలలాడింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. మరుసటి శనివారం ఆ అమ్మాయి రాలేదు.

ఎలా నిలబడాలి, ఎటు చూడాలి, చేతులు ఎలా కదపాలి అని పుస్తకాలు చాలా చెబుతున్నాయి. భయంతో బిగుసుకుపోయిన పిల్లకు అవి ఏ మూలకు సరిపోతాయి? ఈ భయాన్ని దాటినవాళ్లు, ఇతరులను దాటించినవాళ్లు దయచేసి రాయండి.

రంగస్థలం:
అమ్మా, ముందు ఆ వెనక బెంచీ సంగతి చూడండి. వినేవాళ్లకు పాఠం ముందు, మాట్లాడేవాళ్లకు పాఠం తర్వాత. రవీంద్రభారతిలో, చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏళ్ల తరబడి నాటకాలు ఆడాను, కొత్తవాళ్లకు నేర్పాను. మొదటి వారాల్లో మేము ఎవరినీ ఒంటరిగా నిలబెట్టం. అందరం నేల మీద గుండ్రంగా కూర్చుని వంతులవారీగా చదువుతాం. తర్వాత ఎవరి చోట వాళ్లు లేచి చెబుతారు. ఆ తర్వాత ఇద్దరిద్దరుగా ముందుకు వస్తారు. ఒంటరిగా రావడం అన్నిటికన్నా చివర. ఈత నేర్పేవాడు మొదటి రోజే నడిబావిలోకి తోయడు కదా!

ఇంకో రెండు విషయాలు. పలుచని కాగితం చేతికి ఇవ్వకండి. వేళ్లలోని కొద్దిపాటి వణుకును అది ఎన్నో రెట్లు చేసి చూపిస్తుంది. ఆ చప్పుడు అందరికన్నా ముందు మాట్లాడేవాళ్ల చెవికే వినబడుతుంది, దాంతో వణుకు ఇంకా పెరుగుతుంది. పోస్టుకార్డంత అట్టముక్క మీద నాలుగు ముఖ్యమైన మాటలు రాసుకోమనండి. రెండోది, మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రమే కంఠస్థం చేయించండి. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట జారినా దాని వెనకవన్నీ జారిపోతాయి.

మాదాపూర్ ఉద్యోగి:
మేడమ్, నాకు దారి చూపింది సభలో మాట్లాడటం సాధన చేయించే టోస్ట్‌మాస్టర్స్. 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో, వైఎంసీఏ భవనంలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ అది. మన మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లోనూ దాని క్లబ్బులు ఉన్నాయి. మొదటి ప్రసంగం నాలుగు నుంచి ఆరు నిమిషాలు, అది కూడా మన గురించి మనమే చెప్పుకోవడం. నాలుగో నిమిషానికి పచ్చ దీపం, ఐదుకు పసుపు, ఆరుకు ఎరుపు వెలుగుతాయి. అప్పటికప్పుడు ఇచ్చిన విషయం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడటం వేరే అంశం.

నాకు బాగా ఉపయోగపడింది మాత్రం సమీక్ష. ప్రతి ప్రసంగానికీ ఒక సభ్యుడు సమీక్షకుడిగా ఉంటాడు. ఏది బాగుంది, వచ్చేసారి ఏది మార్చుకోవాలి అన్నది రెండు మూడు నిమిషాల్లో లేచి చెప్పాలి. అందువల్ల వినేవాళ్లకు నవ్వుకునే తీరిక ఉండదు, తమ వంతు వస్తుందని శ్రద్ధగా వింటారు. ఎవరు ఎన్నిసార్లు 'ఆ', 'అంటే', 'మరి' అన్నారో లెక్కపెట్టేందుకు కూడా ఒకరుంటారు.

రంగస్థలం:
ఆ లెక్క మాత్రం కొత్త పిల్లల దగ్గర వద్దు నాయనా. నోరు తెరవడమే గండంగా ఉన్నప్పుడు నత్తుమాటలు లెక్కపెడితే ఉన్న మాట కూడా పోతుంది. సమీక్ష పద్ధతి మాత్రం చాలా మంచిది, మేడమ్ గారు తప్పక పెట్టాలి.

మానసిక వైద్యుడు:
రంగస్థలం గారి మొదటి మాటకు పరిశోధన బలం కూడా ఉంది. మనిషికి ఒత్తిడి కలిగించి శరీరంలో ఏం జరుగుతుందో కొలవడానికి శాస్త్రవేత్తలు ఎక్కువగా వాడే పరీక్షను 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రచురించారు. అందులో ఐదు నిమిషాలు ప్రసంగించాలి, తర్వాత ఐదు నిమిషాలు నోటిలెక్కలు చేయాలి. ఎదురుగా కూర్చున్నవాళ్లు తలాడించకూడదు, నవ్వకూడదు, ముఖంలో ఏ భావమూ కనబడనివ్వకూడదు. వాళ్లకు అలా శిక్షణ ఇస్తారు. అలాంటి ముఖాల ముందు కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను పెరుగుతుంది, గుండె వేగం పెరుగుతుంది. బిగదీసుకుని కూర్చున్న మన తరగతి గదులు తెలియకుండానే ఆ పరీక్షను ప్రతి వారం నడుపుతున్నాయి. కాబట్టి మాట్లాడేవాళ్ల వైపు చూడమని, తలాడించమని పిల్లలకు చెప్పడం మర్యాద కోసమే అనుకోకండి, అది చికిత్సలో భాగం.

ఇంకొకటి. తన కంగారు ఎదుటివాళ్లకు పూర్తిగా కనబడిపోతోందని మాట్లాడేవాళ్లు అనుకుంటారు. నిజానికి అనుకున్నంత కనబడదు. ఈ సంగతి ముందే తెలిసినవాళ్లు మరింత బాగా మాట్లాడారని 2003లో సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే మనస్తత్వ పరిశోధకులు చూపించారు. మీ పిల్లలు ఒప్పుకుంటే ఫోనులో వీడియో తీసి వాళ్లకే చూపండి. గుండె దడ వీడియోలో కనబడదు, ఆ నమ్మకం వాళ్లకు కళ్లారా చూస్తేనే కలుగుతుంది.

ప్రొప్రనలాల్ మాత్రల గురించి తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. దడను, వణుకును అవి తగ్గిస్తాయి. కానీ ఉబ్బసం ఉన్నవాళ్లకు ప్రమాదం. స్నేహితుడు ఇచ్చాడని వేసుకోవద్దు, డాక్టరు చూసి రాస్తేనే వాడాలి. ఈ భయం వల్ల చదువో ఉద్యోగమో మానుకునే దాకా వస్తే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో చూపించుకోవచ్చు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోను చేయవచ్చు.

ఖమ్మం కుర్రవాడు:
మేడమ్, ఒక విన్నపం. మొదటిసారి తెలుగులో మాట్లాడనివ్వండి. నేను ఖమ్మం నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. మొదటి రోజే ఇంగ్లిషులో పరిచయం చేసుకోమన్నారు. సభ భయం ఒకటి, వ్యాకరణం భయం ఇంకొకటి, రెండూ ఒకేసారి మీద పడ్డాయి. ఏది దేనివల్లో విడదీసి చూసుకోవడానికి కూడా వీల్లేకపోయింది.

నన్ను గట్టెక్కించింది వందన సమర్పణ. సుల్తాన్‌బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది కదా, అక్కడ ఒక సాహిత్య సభలో ఆ పని నాకు అప్పజెప్పారు. వక్తల పేర్లు, వచ్చినవాళ్లకు ధన్యవాదాలు, అంతే. రెండు నిమిషాల పని. విషయం మీద ఎవరూ ప్రశ్నలు వేయరు, ఇళ్లకు బయలుదేరే వేళ కాబట్టి అందరూ ప్రసన్నంగా ఉంటారు. తర్వాత ఇంకో సభలో అతిథి పరిచయం చేశాను. ఆ మెట్లన్నీ ఎక్కాకే ఇంటర్వ్యూలో ఇంగ్లిషులో నోరు విప్పగలిగాను.

సికింద్రాబాద్ పాఠకుడు:
పిల్లలకు ఇది కూడా చెప్పండి. 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు మా సికింద్రాబాద్ మహబూబ్ కళాశాలలో పెద్ద సభను ఉద్దేశించి ఇంగ్లిషులో ఉపన్యసించారు. అదే ఏడాది సెప్టెంబరు 11న షికాగోలో ఆయనకు గుండె దడదడలాడి, నాలుక పిడచకట్టింది. ఉదయం మాట్లాడలేక తన వంతును వాయిదా వేసుకున్నారు. ఈ సంగతి ఆయనే ఉత్తరంలో రాశారు. ఒకసారి బాగా మాట్లాడినంత మాత్రాన భయం మళ్లీ రాదని కాదు. అది వచ్చినా మాట్లాడవచ్చు.

పద్యప్రియ:
ప్రశ్నలు వేస్తారన్న భయానికి మన దగ్గరే సాధన ఉంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి ఏం చేస్తారు? అవధాని పద్యం కూరుస్తుండగా సంబంధం లేని ప్రశ్నలతో అడ్డు తగులుతారు. అవధాని చిరునవ్వుతో జవాబు చెప్పి మళ్లీ తన పద్యం దగ్గరికి వస్తాడు. పిల్లలు కాస్త కుదురుకున్నాక ఒకరిని అలా కూర్చోబెట్టండి. ప్రసంగం మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న, అదీ స్నేహంగా. తెగిన చోటి నుంచి తిరిగి అందుకోవడం వచ్చిందంటే సగం బెంగ తీరినట్టే. మొదటి నెలలో మాత్రం దీని జోలికి వెళ్లకండి.

నల్లకుంట అధ్యాపకురాలు:
ఎంత ఓపికగా రాశారండీ, అందరికీ కృతజ్ఞతలు. ఆ అమ్మాయితో నిన్న ఫోనులో మాట్లాడాను. కూర్చునే, తెలుగులోనే చెప్పవచ్చంటే వస్తానంది. ఈ శనివారం బల్లలు గోడవైపు జరిపిస్తున్నాను. ఒక్క సందేహం మిగిలింది. 40 మందికీ గంటన్నరలో వంతు ఎలా వస్తుంది?

రంగస్థలం:
ఐదుగురేసి ఎనిమిది జట్లు చేయండి అమ్మా. ఎనిమిది జట్లూ ఒకేసారి మాట్లాడాలి. ఒక్కొక్కరు రెండు నిమిషాలు చెప్పాక, పక్కనున్నవాళ్లు ఒక్క నిమిషంలో సమీక్ష చెబుతారు. పావుగంటలో అందరి వంతూ అవుతుంది. కాస్త ఊపిరి పీల్చుకుని, జట్లు మార్చి అదే విషయం మళ్లీ చెప్పించండి. రెండోసారికి మాట వదులవుతుంది. గదిలో గోల ఎక్కువగా ఉంటుంది, ఉండనివ్వండి. ఆ గోలలో నలుగురికి తప్ప ఎవరికీ తమ మాట వినబడదన్న ధైర్యం వాళ్లకు ఉంటుంది. మీరు ఏ జట్టు దగ్గరా నిలబడి వినకండి, నడుస్తూనే ఉండండి.