సనా మసీదు పైకప్పులోని ఖురాన్ పత్రాలను ఎందుకు దాచారు?

ప్రశ్న (తిరుపతి):
1972లో యెమెన్‌లోని సనా నగరపు పెద్ద మసీదును మరమ్మతు చేస్తుండగా, పైకప్పు లోపల ప్రాచీన ఖురాన్ ప్రతుల తోలు పత్రాలు కుప్పలుగా బయటపడ్డాయి. తిరుమలలోని తాళ్లపాక రాగిరేకుల వలె వాటినీ భావితరాల కోసం భద్రపరిచారా?

జవాబు (చిత్తూరు):
కాదండీ. రాగిరేకులు కలకాలం నిలవాలని చెక్కించినవి; సనా పత్రాలు చాలావరకు వాడివాడి శిథిలమైనవి. పవిత్ర వాక్యాలున్న పత్రాన్ని చెత్తలో పారవేయరాదన్న గౌరవంతో ముస్లింలు అటువంటివాటిని పూడ్చిపెట్టడమో, ఇలా ఒకచోట చేర్చి ఉంచడమో చేస్తారు. మనవాళ్లు జీర్ణించిన తాటాకు గ్రంథాలను నదిలో కలిపేవారు. అలా పోయినవి ఇక దొరకవన్నదే నా బాధ.

మరో జవాబు (తిరుపతి):
వాటిలో ఒక ప్రతి అమూల్యమైనది. పాత రాతను చెరిపి అదే తోలుపై మళ్లీ ఖురాన్‌నే రాశారు. అతినీలలోహిత కాంతిలో కనిపించే అడుగు రాతలో కొన్ని పదాలూ, అధ్యాయాల వరుసా నేటి పాఠానికి భిన్నంగా ఉన్నాయి.